కరదీపికకు పరీక్ష

1951వ సంవత్సరములో ఇంగ్లండులోని హారో పాఠశాలలో క్రిస్టఫర్ స్ట్రేచీ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. పిల్లలకు పాఠములు చెప్పుట ఆయన వృత్తి. సెలవు దినములలో మాత్రము ఆయన మనస్సు అప్పుడప్పుడే పుట్టిన ఎలక్ట్రానిక్ గణక యంత్రముల చుట్టూ తిరిగేది. ఆ యేడు జనవరిలో ఆయన లండను సమీపమున టెడ్డింగ్టన్‌లో ఉన్న జాతీయ భౌతిక ప్రయోగశాలకు వెళ్లి, అక్కడి పైలట్ ఏస్ యంత్రమును చూచి వచ్చినాడు. నాటి నుండి ఆయనకు ఒకటే ఆలోచన: ఈ యంత్రము చేత డ్రాఫ్ట్స్ ఆడించుట ఎట్లా?

డ్రాఫ్ట్స్ చదరంగపు పలక వంటి పలక మీద ఆడే ఆట. కాయలు మూలగా జరుగుతాయి. ఎదుటివాని కాయ మీదుగా దూకి దానిని తీసివేస్తాయి. మన పులి-మేక ఆటలో పులి మేకను దాటి చంపినట్లే. నియమములు కొద్దిగా ఉన్నను ఎత్తులకు అంతు లేదు. ఆనాటి యంత్రములు లెక్కలు కట్టుటకు పుట్టినవి; వాటి చేత ఆట ఆడించవచ్చునని తలచినవారు బహు కొద్దిమంది. స్ట్రేచీ వ్రాసిన ప్రోగ్రాము పైలట్ ఏస్‌లో సాగలేదు. ఆ యంత్రము జ్ఞాపకశక్తి చాలా స్వల్పము. దానికి తోడు ప్రోగ్రాములో తప్పులు దొర్లినవి. 1951 జూలైలో చేసిన ప్రయత్నము విఫలమైనది. అంతకు ముందే ఆయన మాంచెస్టరులో ఇంకొక యంత్రము వెలసినదనీ, దాని జ్ఞాపకశక్తి ఎక్కువ అనీ విని ఉన్నాడు.

అది ఫెరాంటీ కంపెనీ నిర్మించి 1951 ఫిబ్రవరిలో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు అందజేసిన ఫెరాంటీ మార్క్ 1. దానిని వాడేవారి కొరకు కరదీపిక వ్రాసినవాడు ఆలన్ ట్యూరింగ్. యంత్రములు ఏమి గణించగలవు, ఏమి గణించలేవు అనే ప్రశ్నకు 1936లోనే సమాధానము చెప్పిన గణితవేత్త ఆయనే. స్ట్రేచీకి ఆయన కేంబ్రిడ్జి చదువు నాటి పరిచితుడు. ఆ పరిచయముతో ఒక ప్రతి అడిగి తెప్పించుకున్నాడు. ప్రోగ్రాములు వ్రాసేవారి కొరకు వెలువడిన తొలి కరదీపికలలో ఒకటి ఈ విధముగా ఒక బడిపంతులు చేతికి వచ్చినది.

ఆ కరదీపిక ఎవరికీ అర్థము కాదని ఆ రోజులలోనే పేరుపడినది. ఈ మాట తరువాతి కాలములో స్ట్రేచీయే చెప్పినాడు. కారణము ఊహించుట కష్టము కాదు. మార్క్ 1 యంత్రమునకు ఆదేశములను టెలిప్రింటరు కాగితపు పట్టీ మీద రంధ్రములుగా పొడిచి ఇచ్చేవారు. వరుసకు ఐదు స్థానములు. ప్రతి స్థానములో రంధ్రము ఉండవచ్చు, లేకపోవచ్చు. కనుక మొత్తము 32 రకముల వరుసలు. ఒక్కొక్క వరుసకు టెలిప్రింటరులో ఒక్కొక్క గుర్తు కలదు: కొన్ని అక్షరములు, కొన్ని విరామ చిహ్నములు. ఆ గుర్తులనే అంకెలుగా పెట్టుకొని, 10కి బదులు 32 ఆధారముగా సంఖ్యలు వ్రాయవలెను. సున్నకు గుర్తు ఏటవాలు గీత. ఒకటికి గుర్తు ఇంగ్లీషు వర్ణమాలలోని ఐదవ అక్షరము. అంతటితో ఆగలేదు. మనము ఒకట్ల స్థానమును కుడివైపున ఉంచుతాము గదా; అక్కడ దానిని ఎడమవైపున ఉంచినారు. అందుచేత ముందు ఒకటి, తరువాత సున్న వ్రాస్తే విలువ ఒకటి. ముందు సున్న, తరువాత ఒకటి వ్రాస్తే విలువ 32. వాడేవారు ఈ 32 గుర్తుల పట్టికను కంఠస్థము చేయక తప్పేది కాదు. పుటల నిండ ఏటవాలు గీతలు వానజల్లు వలె కనిపించేవి; మాంచెస్టరు వానలకు ప్రసిద్ధి కనుక ఇది అక్కడి వారికి సహజమేనని వేడుకగా అనేవారు ఉన్నారు.

ట్యూరింగ్ వంటివానికి ఇందులో శ్రమ కనిపించలేదు. తనకు సులభమైనది ఎదుటివానికి కూడ సులభమే అనుకొనుట మేధావులలో తరచు కనిపించే లక్షణము. పాఠ్యగ్రంథములు వ్రాసేవారిలో కూడ ఇది లేకపోలేదు.

1951 వేసవిలో స్ట్రేచీ మాంచెస్టరుకు వెళ్లి ట్యూరింగ్‌ను కలుసుకున్నాడు. డ్రాఫ్ట్స్ సంగతి విని ట్యూరింగ్ మరొక పని సూచించినాడు. యంత్రము చేత యంత్రమునే అనుకరింపజేసే ప్రోగ్రాము ఒకటి వ్రాయుమన్నాడు. అది మరొక ప్రోగ్రాములోని ఆదేశములను ఒక్కొక్కటిగా తీసికొని, ఆ ఆదేశము వలన యంత్రములో ఏమి జరుగునో దానినే తాను చేసి చూపవలెను. దాని వలన తప్పు ఎక్కడ ఉన్నదో పట్టుకొనవచ్చును. పైకి సాధారణముగా కనిపించినను ఇది గొప్ప పరీక్ష. ఏ ఆదేశము దేనిని మారుస్తుందో, దేనిని తాకకుండ వదులుతుందో లేశమైన సందేహము లేకుండ తెలిసి ఉంటేనే అనుకరణ కుదురుతుంది. కరదీపికలో ఏ మూల అస్పష్టత ఉన్నను ఇక్కడ బయటపడక మానదు.

స్ట్రేచీ హారోకు తిరిగి వెళ్లి, కరదీపికను ముందు పెట్టుకొని, సుమారు 1000 ఆదేశముల ప్రోగ్రాము వ్రాసినాడు. ఆ యంత్రము కొరకు అంత పొడవైన ప్రోగ్రామును అంతవరకు ఎవరూ వ్రాసి ఉండలేదు. ఒక సాయంత్రము దానిని తీసికొని మాంచెస్టరు చేరినాడు. ట్యూరింగ్ గదిలోనికి వచ్చి, యంత్రమును నడిపే పద్ధతిని తన అలవాటు చొప్పున కీచు గొంతుతో గబగబ వివరించి వెళ్లిపోయినాడు. ఆ రాత్రి స్ట్రేచీ ఒక్కడే యంత్రము ముందు మిగిలినాడు. తెల్లవారేసరికి ప్రోగ్రాము చాలావరకు దారికి వచ్చినది. చివరలో యంత్రము ఇంగ్లండు జాతీయ గీతమును వినిపించి అందరినీ విస్మయపరచినది. ఆ యంత్రములో శబ్దము చేసే ఆదేశము ఒకటి ఉండేది. ఒకసారి ఇస్తే లౌడ్‌స్పీకరులో చిన్న టిక్కు. వేగముగా మరల మరల ఇస్తే ఆ టిక్కులన్నీ కలిసి స్వరముగా వినబడతాయి. ఈ సంగతి కరదీపికలోనే ఉన్నది. పాట మాత్రము స్ట్రేచీ కల్పన.

ఈ విజయమును చూచి కరదీపిక బాగున్నదని అనవచ్చునా? అనరాదు. ఇక్కడ గెలిచినది చదువరి తెలివి. తరగతిలో మొదటి మార్కు తెచ్చుకొనే పిల్లవానిని మాత్రమే పరీక్షించి పాఠ్యగ్రంథమునకు యోగ్యతాపత్రము ఇచ్చుట ఎటువంటిదో ఇదీ అటువంటిదే. మాంచెస్టరు వారికి ఈ సంగతి తెలుసును. 1951లో అక్కడ చేరిన టోనీ బ్రూకర్ కరదీపికను తిరగవ్రాసినాడు. రెండవ కూర్పు 1952లో వచ్చినది. అంతటితో తృప్తిపడక, గుర్తుల పట్టికతో పని లేకుండ మామూలు బీజగణితమునకు దగ్గరగా ఉండే ఆటోకోడ్ అనే వ్రాత పద్ధతిని 1954లో ప్రవేశపెట్టినాడు. వివరించుట మరీ కష్టమైనప్పుడు, వివరింపబడే వస్తువునే మార్చుట మంచిదని దీని భావము.

స్ట్రేచీ డ్రాఫ్ట్స్ 1952 వేసవి నాటికి మాంచెస్టరు యంత్రము మీద నడిచినది. పలక బొమ్మ యంత్రపు తెర మీద కనిపించేది. యంత్రము కొన్ని ఎత్తులు ముందుకు ఆలోచించేది. ఎదుటి ఆటగాడు ఏమి చేయవలెనో టెలిప్రింటరు అచ్చువేసి చెప్పేది. చెప్పినట్లు చేయకపోతే మందలించేది. మందలింపు మెట్టుమెట్టుగా ఘాటెక్కేది. ఆఖరుకు ఇక నీతో ఆడనని ఆట మానివేసేది. అర్థము కాని పుస్తకముతో కుస్తీపట్టిన పంతులు, తన ఆటకు సూచనలు వ్రాసినప్పుడు చదువరి మీద జాలి చూపలేదన్నమాట.

ఇదే కాలములో కేంబ్రిడ్జిలో మరొక దారి తొక్కినారు. అక్కడి ఎడ్సాక్ యంత్రము 1949 మే 6న మొదటి లెక్క చేసినది. మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అనే ముగ్గురు కలిసి 1951లో ప్రోగ్రాముల తయారీ మీద గ్రంథము ప్రకటించినారు. ఈ విషయము మీద అచ్చయిన మొదటి పాఠ్యగ్రంథముగా దీనిని ఎన్నుతారు. అందులో చాలా భాగము సబ్‌రొటీన్ల జాబితా. సబ్‌రొటీన్ అనగా తరచు అవసరపడే చిన్న పనిని ఒకసారి వ్రాసి ఉంచుకొన్న ఆదేశముల కట్ట: వర్గమూలము తీయుట, భాగహారము, ఫలితమును అచ్చువేయుట వంటివి. 1951 నాటికి అటువంటివి 87 సిద్ధమైనవి. వాటి పట్టీలను గ్రంథాలయములో పుస్తకముల వలె భద్రపరచినారు. ప్రతి దానికి ఒక వివరణ ఉండేది. అది ఏమి చేస్తుంది, జ్ఞాపకశక్తిలో ఎంత చోటు ఆక్రమిస్తుంది, ఎంత కాలము పడుతుంది, ఇవ్వవలసిన సంఖ్యను ఎక్కడ ఉంచవలెను, ఫలితము ఎక్కడ దొరుకుతుంది — ఇవి తెలిస్తే చాలును. లోపల ఏమున్నదో చదువనక్కరలేదు.

1952 మే నెలలో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరములో జరిగిన సభలో వీలర్ రెండు పుటల వ్యాసము సమర్పించినాడు. అప్పటికి ఆయన వయస్సు 25 ఏండ్లు. సబ్‌రొటీనును కూర్చి, పరీక్షించి, సరిచూచిన తరువాత ఇంకొక పని మిగిలి ఉంటుందనీ, లోపలి సంగతి తెలియనివాడు సులభముగా వాడుకొనేటట్లు దాని వివరణ వ్రాయుటయే ఆ పని అనీ, అన్నిటిలో ఇదే కష్టమైనది కావచ్చుననీ ఆయన హెచ్చరించినాడు. ప్రోగ్రాముల చరిత్రలో ఇంత తొందరగా, ఇంత సూటిగా ఈ మాట చెప్పినవారు మరొకరు కనిపించరు.

ఆ తరువాత ముప్పది ఏండ్లలో యంత్రములు మారినవి, కరదీపికలు లావెక్కినవి. వాటిని ఎట్లా చదువుతున్నారు అనే ప్రశ్నకు ప్రయోగములతో సమాధానము వెదకినవారిలో ఐ.బి.ఎమ్. సంస్థకు చెందిన జాన్ కారల్ ముఖ్యుడు. 1980ల దశకములో ఆయన బృందము గుమాస్తా పనులు నేర్చుకొనేవారిని యంత్రము ముందు కూర్చుండబెట్టి గమనించినది. ఎవరూ పుస్తకమును మొదటి నుండి చివరి వరకు చదువలేదు. కొంచెము చూచి, పనిలోనికి దూకి, చిక్కుకొని, మరల పుట తిప్పినారు. కనుక పుస్తకమును విడిగా చూచి మార్కులు వేయుట వలన లాభము లేదు. పని చేస్తున్న చదువరిని చూడవలెను.

ఈ అరువది, డెబ్బది ఏండ్లలోను చదువరి మనిషే. 2022 తరువాత కొత్త చదువరి వచ్చినాడు. అదే కృత్రిమ మేధ ఏజెంటు. దీనికి మూలము భాషా నమూనా: కోట్ల పుటల వ్రాతను చూచి, ఒక మాట తరువాత ఏ మాట రావచ్చునో నేర్చుకొన్న ప్రోగ్రాము. దానికి కొన్ని పనిముట్లను అప్పగిస్తే ఏజెంటు అవుతుంది. ఇక్కడ పనిముట్టు అంటే మరొక ప్రోగ్రాము: ఫైలు తెరచేది, ఆటను నడిపి చూచేది, తెర మీద బొమ్మను జరిపేది. నమూనా తాను స్వయముగా దేనినీ ముట్టదు. ఫలానా పనిముట్టును ఫలానా విలువలతో వాడమని వ్రాస్తుంది. వేరొక ప్రోగ్రాము ఆ పని చేసి ఫలితమును వ్రాతలో తిరిగి అందిస్తుంది. దానిని చదివి నమూనా తరువాతి అడుగు వేస్తుంది. పనిముట్లను ఇట్లా తగిలించుటకు ఒక సామాన్య పద్ధతిని ఆంత్రోపిక్ అనే సంస్థ 2024 నవంబరులో ప్రకటించినది.

గమనించవలసినది ఏమనగా, పనిముట్టును గురించి ఏజెంటు ఎదుట ఉండేది దాని పేరు, నాలుగు వాక్యముల వివరణ, ఇవ్వవలసిన విలువల పట్టిక మాత్రమే. స్ట్రేచీకి రైలెక్కి మాంచెస్టరు వెళ్లే అవకాశమైనా ఉండినది. ఏజెంటు సందేహము వచ్చినప్పుడు అడుగవచ్చును గాని, చాలాసార్లు అడుగదు. ఊహించి ముందుకు పోతుంది. ఆ ఊహను నిశ్చయము వలె వ్రాస్తుంది.

ఆటల నిర్మాణములో ఈ చిక్కు స్పష్టముగా కనిపిస్తుంది. నేటి ఆటలను చాలావరకు గేమ్ ఇంజన్ అనే సిద్ధ సామగ్రితో కడతారు. యూనిటీ, అన్‌రియల్, గోడో వాటిలో ప్రసిద్ధమైనవి. యూనిటీలో ఒక ప్రమాణమును మామూలుగా ఒక మీటరుగా తీసికొంటారు. అన్‌రియల్‌లో ఒక ప్రమాణము ఒక సెంటీమీటరు. దీపమును నేల మీద ఎంత ఎత్తున ఉంచవలెనో చెప్పే పనిముట్టు వివరణలో "ఎత్తు: ఒక సంఖ్య" అని మాత్రమే ఉన్నదనుకొందాము. ఏజెంటు 2 అని వ్రాస్తుంది. యూనిటీలో దీపము తలకు పైన వ్రేలాడుతుంది. అన్‌రియల్‌లో నేలకు రెండు సెంటీమీటర్ల ఎత్తున చీమలకు వెలుగు చూపుతుంది. ప్రోగ్రాము ఆగిపోదు, తప్పు అని కేక వేయదు. గోడోలో తలము మీది ఆటలకు నిలువు కొలత పై నుండి క్రిందికి పెరుగుతుంది. గ్రాఫు కాగితము మీద గీసే అలవాటుతో పైకి ఎగురు వేగమును ధన సంఖ్యగా ఇస్తే, బొమ్మ ఎగురుటకు బదులు నేలకు అదుముకొంటుంది. "క్రింది దిశ ధనము" అనే రెండు మూడు మాటలు వివరణలో ఉంటే ఈ పొరపాటు రాదు.

కూర్పులు మారుట ఇంకొక బాధ. గోడో నాలుగవ కూర్పు 2023 మార్చి 1న విడుదలైనది. మూడవ కూర్పులో ఆటగాని బొమ్మకు వాడిన కైనమాటిక్ బాడీ అనే పేరు పోయి క్యారెక్టర్ బాడీ అనే పేరు వచ్చినది. దానిని కదిలించే ఆదేశమునకు పూర్వము వేగమును వెంట ఇవ్వవలసి ఉండేది. ఇప్పుడు వేగమును వేరుగా నిలిపి, ఆదేశమును ఒంటరిగా ఇవ్వవలెను. భాషా నమూనాలు చదివిన వ్రాతలో పాత పద్ధతి చాలా ఏండ్లు పేరుకొని ఉన్నది. అందుచేత అవి పాత పేరునే ధైర్యముగా వ్రాస్తూ ఉంటాయి. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖ పరిశోధకులు గొరిల్లా అనే నమూనాతో చూపినది ఇదే: పని చేసే సమయములో అప్పటి వివరణను వెదకి తెచ్చి ఎదుట పెడితే, నమూనా మార్పులకు సర్దుకొంటుంది, లేని పేర్లు కల్పించుట తగ్గుతుంది.

వివరణ మంచిదో కాదో తేల్చుట ఎట్లా? మరొక భాషా నమూనాకు ఇచ్చి మార్కులు వేయుమనుట సులువైన మార్గము. దానిని నమ్మరాదు. అటువంటి న్యాయమూర్తులు పొడవైన సమాధానము వైపు మొగ్గుతాయని 2023లో వెలువడిన పరిశోధన తేల్చినది. నిండుగా వ్రాసిన జవాబుకు చదువకుండ మార్కు వేసే పరీక్షకుని గుణము యంత్రమునకు కూడ అంటినదన్నమాట. గట్టి మార్గము ఫలితమును చూచుట. ఒకే నమూనా, ఒకే పనిముట్టు, అవే పనులు. మార్చేది వివరణ ఒక్కటే. "బొమ్మ మూడు మెట్లు ఎగిరి తలుపు చేరవలెను" వంటి పనులను ఇచ్చి, ఏజెంటు కట్టిన ఆటను నడిపి, బొమ్మ తలుపు చేరినదా లేదా అని ప్రోగ్రాము చేతనే సరిచూడవలెను. నమూనా ఒకే ప్రశ్నకు ప్రతిసారి ఒకే జవాబు ఇవ్వదు కనుక ఒక్కసారి గెలిచినంత మాత్రమున చాలదు. పలుమార్లు చేయించి లెక్కించవలెను. భౌతిక ప్రయోగశాలలో లోలకపు కాలమును ఒక్క ఊపుతో కొలువము గదా.

వివరణ ఏమీ ఇవ్వకుండ కూడ ఒకసారి పరీక్షించుట అవసరము. నమూనాకు ఆ పనిముట్టు ముందే తెలిసి ఉండవచ్చును. అప్పుడు విజయము వివరణది కాదు. ఆదేశములకు ఇదివరకు ఎవరూ వినని పేర్లు పెట్టి, వాటి అర్థమును వివరణలో మాత్రమే తెలిపి చూస్తే ఇది ఇంకా బాగా తేలుతుంది. ఆ పేరు ఏ పుస్తకములోను లేదు కనుక ఏజెంటుకు చదువక గత్యంతరము లేదు. వెనుక చెప్పిన తెలివిగల చదువరి చిక్కు ఇక్కడ విడిపోతుంది.

వీలర్, బ్రూకర్‌ల అనుభవము ఈ తరములో కూడ నిలిచినది. 2024లో ప్రిన్‌స్టన్ పరిశోధకులు ప్రోగ్రాములలోని తప్పులను దిద్దే ఎస్.డబ్ల్యు.ఇ. ఏజెంటును నిర్మించినారు. 300 సమస్యలను ఎంచుకొని, ఒకే భాషా నమూనాకు మామూలు కంప్యూటరు ఆదేశములు ఇస్తే 11 శాతము పరిష్కారమైనవి. ఏజెంటు కొరకు ప్రత్యేకముగా కుదించి, సూచనలు చేర్చిన పనిముట్లను ఇస్తే 18 శాతము. నమూనా మారలేదు. ఒక పనిముట్టు తప్పు వ్రాతను అక్కడికక్కడే తిప్పికొట్టి కారణము చెబుతుంది. ఇంకొకటి వెదకుడు ఫలితములను కొద్దిగానే చూపుతుంది. వివరణను పొడిగించుటకంటె పనిముట్టును సరళము చేయుట మేలైన సందర్భములు చాలా ఉంటాయి. ఆటోకోడ్ కథ అదే.

కేంబ్రిడ్జి బీరువా కూడ మరొక రూపములో తిరిగి వచ్చినది. 2023లో ఎన్విడియా సంస్థ పరిశోధకులు, వారి సహచరులు మైన్‌క్రాఫ్ట్ ఆటలో వాయేజర్ అనే ఏజెంటును విడిచినారు. అది కట్టెలు కొట్టుట, గనులు త్రవ్వుట వంటి పనులకు చిన్న చిన్న ప్రోగ్రాములు వ్రాసి, ఆటలో నడిపి చూచి, ఫలించిన వాటిని దాచుకొంటుంది. ప్రతి దానికి ఏమి చేస్తుందో ఒక వివరణ చేరుస్తారు; తరువాత అవసరము వచ్చినప్పుడు ఆ వివరణను బట్టియే వెదకి తీస్తారు. 87 సబ్‌రొటీన్ల జాబితాను వ్రాసినవారు మనుష్యులు, చదివినవారు మనుష్యులు. ఇక్కడ వ్రాసేదీ చదివేదీ యంత్రమే.

ఏజెంటు చేసిన తప్పులను చూచి వివరణను దిద్దే పనిని కూడ నేడు భాషా నమూనాకే అప్పగించే ప్రయత్నములు జరుగుతున్నవి. అందులో ఒక జాగ్రత్త అవసరము. అవే పనుల మీద మరల మరల దిద్దితే వివరణ ఆ పనులకే అతికినట్లు తయారవుతుంది. ప్రశ్నపత్రము ముందే తెలిసిన విద్యార్థి నోట్సు వలె ఉంటుంది. అందుచేత కొన్ని పనులను దిద్దేవారికి చూపకుండ వేరుగా దాచి, చివర వాటితోనే పరీక్ష పెడతారు. ఆ పరీక్షలో నెగ్గిన వివరణతో కట్టిన బొమ్మ తలుపు చేరుతుంది. ఎగురుడు మరీ బరువుగా ఉన్నదా, మెట్లు విసుగు పుట్టిస్తున్నవా అనే సంగతిని ఈ లెక్క ఏదీ పట్టదు. దానికి ఒకరిని పిలిచి ఆట ఆడించి చూడవలసి ఉన్నది.